టు-లెట్ బోర్డు పెట్టే ముందు: చిన్న ఇంటి యజమాని బాధ్యతలు, చిక్కులు

హైదరాబాదులో అప్పో సప్పో చేసి ఇల్లు కట్టుకుని, పై అంతస్తునో వెనక పోర్షన్‌నో అద్దెకిచ్చే మధ్యతరగతి యజమానిని కదిపితే మొదట బయటపడే భయం ఒకటే. ఒకే కుటుంబం పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట. ఈ భయంతోనే మూడేళ్లకోసారి మంచివాళ్లను కూడా ఖాళీ చేయించేవారు ఉన్నారు. నిజానికి అద్దె కడుతూ ఉండే మనిషి యజమాని అనుమతితో ఉన్నట్టే లెక్క. ఇంట్లో దిగిన నాడు యజమానికి ఉన్న హక్కును, అద్దె కొనసాగినంత కాలం అద్దెదారు కాదనడానికి వీల్లేదన్నది 1872 నాటి సాక్ష్య చట్టం 116వ సెక్షన్‌లోని సూత్రం. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అది ఉంది. పన్నెండేళ్ల లెక్క కాలపరిమితి చట్టంలో లేకపోలేదు. అయితే అది అద్దె సంబంధాన్ని తెంచేసుకున్న తర్వాత ఇల్లు స్వాధీనం కోసం దావా వేయడానికి యజమానికి ఇచ్చిన గడువు. నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మిన్నకుండిపోయినవారు భయపడాలి కానీ, నెలనెలా అద్దె తీసుకుంటున్నవారు కాదు.

ఈ భయాన్ని పట్టుకుని కూర్చునే యజమానే సంపు మూత విరిగి ఆరు నెలలైనా పట్టించుకోడు. చిన్న యజమానిని నిజంగా కుదేలు చేసేవి ఇలాంటివే: సంపు మూత, ఎర్తింగ్, మీటరు ఎవరి పేరున ఉందన్న విషయం, రాసుకోని మాట. వీటిలో చాలావాటిని అద్దెదారు దిగకముందే ఒక వారం రోజుల్లో సరిచేసుకోవచ్చు.

పదకొండు నెలల కాగితం

స్టాంపు వెండర్ల దగ్గరా, జిరాక్స్ షాపుల్లోనూ పేర్లు నింపుకునే పదకొండు నెలల ఒప్పందాలు సిద్ధంగా దొరుకుతాయి. ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి, దేశమంతటా పదకొండు నెలల అలవాటు పుట్టింది. మన దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ చట్టాన్ని సవరించి, గడువు ఎంతైనా స్థిరాస్తి లీజు ప్రతిదీ రిజిస్టర్ కావలసిందేనని మార్చింది. ఆ సవరణే తెలంగాణకూ సంక్రమించింది. ఈ సంగతి ఆ కాగితం అమ్మేవారికీ తెలియదు, కొనేవారికీ తెలియదు.

రిజిస్టర్ కాని ఒప్పందంతో కోర్టుకు వెళితే, అందులోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అద్దెదారు ఏ హోదాలో ఉన్నాడనే లాంటి అనుబంధ విషయాలకే దాన్ని చూస్తుంది. అప్పుడు మీ సంబంధం నెలనెలా కొనసాగే అద్దెగా మారుతుంది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో ముగుస్తుంది. నివాసానికి ఇచ్చిన రెండు గదుల పోర్షన్ విషయంలో ఇది యజమానికి పెద్ద నష్టమేమీ కాదు. కానీ ఏటా ఇంత శాతం అద్దె పెంపు, ఫలానా కాలం వరకు ఖాళీ చేయకూడదనే నిబంధన, నష్టపరిహారం లెక్క మీకు ముఖ్యమైతే, ముఖ్యంగా ఇచ్చేది రోడ్డు వైపు షాపు అయితే, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి ఖర్చు భరించడమే మేలు. పన్నెండు వేల అద్దె వచ్చే పోర్షన్‌కు ఎవరూ రిజిస్ట్రేషన్ చేయించరని నాకూ తెలుసు. చేయించనప్పుడు దేన్ని వదులుకుంటున్నారో తెలిసి వదులుకోవాలని మాత్రమే అంటున్నాను.

రిజిస్టర్ చేసినా చేయకపోయినా వివరాలు రాసుకోవాలి, ఎందుకంటే నూటికి తొంభై తగాదాలు కోర్టు దాకా పోవు, కాగితం చూపిస్తే గుమ్మం దగ్గరే తెగిపోతాయి. ఇంట్లో ఎవరెవరు ఉంటారో పేర్లతో సహా రాయాలి, ఇల్లు నివాసానికే వాడాలని రాయాలి, మరొకరికి తిరిగి అద్దెకు ఇవ్వరాదని రాయాలి. అద్దె ఏ తేదీలోగా ఏ ఖాతాకు రావాలి, అడ్వాన్సు ఎంత, దానిలోంచి ఏయే ఖర్చులు మినహాయించుకోవచ్చు, మెయింటెనెన్స్, నల్లా బిల్లు, మోటారు కరెంటు ఎవరి వంతు, కుళాయి వాషరు మొదలుకొని గోడలో పైపు పగలడం వరకు ఏ మరమ్మతు ఎవరిది అన్నవి విడివిడిగా ఉండాలి. ఇంట్లో దిగే రోజున మీటరు రీడింగుతో పాటు ప్రతి గది, బాత్రూమ్ టైల్స్, కిటికీ అద్దాలు, ఫ్యాన్లను తేదీ పడేలా ఫోటోలు తీసి, ఇద్దరి ఫోన్లలోనూ ఉండేలా వాట్సాప్‌లో పంపుకుంటే, వెళ్లే రోజున జరగబోయే సగం వాదన ఆ రోజే ముగిసినట్టు. అద్దె నగదుగా తీసుకునే అలవాటు ఉన్నవారు యూపీఐకి మారడం మంచిది. నగదే కావాలంటే రసీదు ఇవ్వండి. ఎప్పుడు కట్టారు, ఎప్పుడు ఆపారు అన్నది మీ మాటగా కాక బ్యాంకు స్టేట్‌మెంటుగా కనబడాలి.

ఎవరిని దించుకుంటున్నారో విచారించే హక్కు మీకుంది. గుర్తింపు కార్డు, పనిచేసే చోటు, ముందున్న ఇంటి ఓనరు ఫోన్ నంబరు, ఈ మూడూ అడగండి. కులం, తిండి అడిగి మనిషిని అంచనా వేయడం మన వీధుల్లో పాత జాడ్యమే కానీ, నెలనెలా అద్దె కట్టే గుణం గురించి అది ఏమీ చెప్పదు. పాత ఓనరుతో అయిదు నిమిషాల ఫోను చెబుతుంది. స్థానిక పోలీసు స్టేషన్‌లో అద్దెదారు వివరాలు నమోదు చేయించడం, హైదరాబాదు పోలీసుల హాక్ ఐ యాప్ ద్వారా పంపడం వంటివి నిమిషాల పని. అలా తెలియజేయాలని పోలీసు ఉత్తర్వు ఉన్నచోట చేయకపోవడం నేరం కావచ్చు. విదేశీయులకు ఇల్లు ఇస్తే, 24 గంటల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారికి ఆన్‌లైన్‌లో తెలియజేయాల్సిన బాధ్యత ఇల్లిచ్చినవారి మీదే ఉంటుంది.

ప్రమాదం జరిగితే ఎవరి మెడకు

అద్దెదారు తలుపు లోపల జరిగేది అతని అదుపులో ఉంటుంది. మెట్లు, డాబా, సంపు, మోటారు, లిఫ్టు, పిట్టగోడ, పార్కింగు యజమాని అదుపులో ఉంటాయి. మన అదుపులో ఉన్న చోట మన అజాగ్రత్త వల్ల ఎవరైనా గాయపడితే పరిహారం దావా, ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించిన కేసు వస్తాయి. ఆ కేసులో శిక్ష అయిదేళ్ల వరకు ఉండవచ్చు. యజమాని ఊళ్లో లేకపోవడం, ఇల్లు అద్దెకిచ్చి ఉండటం దానికవే సమాధానాలు కావు.

తలుపు లోపలి విషయంలోనూ పూర్తిగా చేతులు కడుక్కోలేం. ఇంట్లో పైకి కనబడని లోపం ఉండి, అది యజమానికి తెలిసి, అద్దెదారుకు మామూలుగా చూస్తే తెలియనిదైతే, ఆ సంగతి ముందే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. పాత వైరింగు, బాత్రూమ్ గోడకు నీరెక్కి షాక్ కొట్టడం ఇలాంటివే. ఇక చెప్పిన తర్వాత కథ మారిపోతుంది. గీజరు షాక్ కొడుతోందని అద్దెదారు పంపిన మెసేజీ కింద రెండు నీలి టిక్కులు పడ్డాక, నాకు తెలియదు అనడానికి చోటుండదు. అందుకే ప్రమాదానికి సంబంధించిన ఫిర్యాదును మిగతా ఫిర్యాదుల్లో కలపకూడదు. కుళాయి కారడం ఆదివారం దాకా ఆగవచ్చు, షాక్ ఆగకూడదు. ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పంపి, పని అయిందని ఫోటోతో సహా అదే వాట్సాప్‌లో జవాబు పెట్టండి. మరమ్మతు చేస్తానని ఒప్పుకొని, నోటీసిచ్చినా చేయకపోతే అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకునే హక్కు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అది అద్దె ఎగ్గొట్టడం కాదు.

మన ఇళ్లలో చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది సంపు. గేటు పక్కన నేల మట్టానికి ఉండే సంపు మీద తుప్పుపట్టిన రేకు మూత, నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు తీసి మళ్లీ పెట్టడం మరచిపోవడం, ఇవి రెండూ కలిసిన రోజున చిన్నపిల్లలే కాదు, ఫోను చూసుకుంటూ నడిచే పెద్దవాళ్లూ అందులో పడి చనిపోయిన సందర్భాలు మన నగరంలో ఉన్నాయి. మందపాటి ఇనుప మూత, దానికి కొండి, తాళం పెట్టి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో నిర్ణయించండి. సంపు కడిగించేటప్పుడు మూత తీసి గాలి ఆడనివ్వకుండా మనిషిని దించకూడదు; లోపల ఊపిరాడక ఒకరు పడితే, కాపాడటానికి దిగిన రెండోవారూ పడిపోవడం తరచు జరిగేదే.

రెండవది డాబా మీద బట్టలారేసే తీగ. ఒక కొస రేకుల షెడ్డుకు, మరో కొస కరెంటు సర్వీసు వైరు వచ్చే ఇనుప పైపుకు కట్టిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగలు కాలనీల్లో ఎన్నో కనబడతాయి. వానకు వైరు తొడుగు పోయిన రోజున తడి బట్ట ఆరేసిన ఇల్లాలి ప్రాణం పోతుంది, తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా వర్షాకాలంలో కనబడే వార్త అది. తీగ తీసేసి నైలాన్ తాడు కట్టడానికి వంద రూపాయలు కూడా కావు. దీంతోపాటే మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మనిషి ఒంటి గుండా కరెంటు నేలకు పోవడం మొదలవగానే సరఫరాను ఆపేసేది అదే, లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్చు ఆ పని చేయదు. దాని మీద ఉన్న టెస్ట్ బటన్‌ను మూడు నెలలకోసారి నొక్కి చూడాలి, ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయాలి. పిట్టగోడ ఎత్తు, బాల్కనీ రెయిలింగు కడ్డీల మధ్య సందు, పెచ్చులూడుతున్న స్లాబు, ఇవి కంటితో చూస్తేనే తెలుస్తాయి. ఏటా జూన్‌కు ముందు ఒక్క పూట ఇల్లంతా తిరిగి చూసి, చేయించిన పనుల బిల్లులు దాచుకోండి. మీరు శ్రద్ధ తీసుకున్నారనడానికి ఆ బిల్లులకు మించిన సాక్ష్యం దొరకదు.

బీమా గురించి మనవాళ్లు అసలే ఆలోచించరు. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ ఒకే షరతులతో అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం నుంచి కట్టడానికి రక్షణ ఇవ్వడంతో పాటు, అలాంటి నష్టం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే పోయే అద్దెను కూడా పరిమితికి లోబడి ఇస్తుంది. కానీ మూడో వ్యక్తికి గాయమైతే కట్టవలసిన పరిహారం అందులో ఉండదు, దాన్ని అదనపు రక్షణగా విడిగా అడగాలి. 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లు, కింది అంతస్తులు మునిగినప్పుడు ఎందరో యజమానులు ఆ నెల అద్దె కోసం పట్టుబట్టారు. వరద వల్ల ఇల్లు లేదా దానిలో ముఖ్యమైన భాగం వాడుకోవడానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజును రద్దు చేసుకునే అవకాశం అద్దెదారుకు చట్టమే ఇచ్చిందని వారిలో ఎక్కువమందికి తెలియదు.

ఇంట్లో వాడుక మారితే

నివాసానికని తీసుకున్న పోర్షన్‌లో మెల్లగా కర్రీ పాయింట్ వంట మొదలవుతుంది, లేదా ఆరు మంచాలు వేసి హాస్టల్ అవుతుంది. విద్యుత్ సంస్థ దృష్టిలో వినియోగదారు మీటరు ఎవరి పేరున ఉందో వారే. గృహ కేటగిరీ కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, ఆ వ్యాపార టారిఫ్‌కు రెట్టింపు లెక్కగట్టి నోటీసు మీ పేరునే వస్తుంది. అద్దెదారు ఎగ్గొట్టిన బిల్లు కూడా ఇంటిని వదలదు. పాత బాకీ తీరిస్తేనే ఆ ఇంటికి కొత్తగా కనెక్షన్ ఇస్తామనే నిబంధన చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. నెలనెలా బిల్లు కట్టిన రసీదును అద్దెతో పాటే పంపమని అడగటం అనుమానించడం కాదు. మాదకద్రవ్యాల చట్టం, అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఇంటి యజమానిని శిక్షించేది అతను తెలిసి అనుమతిస్తేనే. కాబట్టి ఒకరోజు ముందు చెప్పి, ఆర్నెల్లకోసారి ఇల్లు చూసిరావడం, అనుమానం వస్తే రాతపూర్వకంగా అడిగి పోలీసులకు తెలపడం మీకు తెలియదని చెప్పుకోవడానికి కాదు, తెలిశాక ఊరుకోలేదని చెప్పుకోవడానికి అక్కరకొస్తాయి.

అద్దె ఆగినప్పుడు

ముందు కనుక్కోండి. ఉద్యోగం పోయిందా, ఆసుపత్రి ఖర్చా, లేక ఎగవేతా అన్నది మొదటి రెండు నెలల్లోనే తెలిసిపోతుంది, మొదటి రెండింటికి వాయిదాలు రాసుకుంటే చాలావరకు తీరిపోతుంది. మా పై పోర్షన్‌లో ఒకాయన నాలుగు నెలలు ఆపి, తర్వాత ఏడు నెలల్లో పైసాతో సహా కట్టాడు. అంతకుముందు ఇంకొకాయన రెండో నెలకే తలుపు తీయడం మానేశాడు. ఇద్దరికీ ఒకే మందు వేసి ఉంటే మొదటాయనను పోగొట్టుకునేవాళ్లం.

ఏ పరిస్థితిలోనూ కరెంటు పీకేయడం, నీళ్ల వాల్వు కట్టేయడం, తాళం మార్చడం, సామాను బయట వేయడం చేయకండి. మన ఇల్లే కదా అనిపిస్తుంది కానీ, చట్టప్రకారం కాకుండా స్వాధీనం పోగొట్టుకున్నవాడు ఆర్నెల్లలోగా దావా వేస్తే, యజమాని హక్కు సంగతి చూడకుండానే తిరిగి స్వాధీనం ఇప్పించవచ్చని 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అంటే బాకీ ఉన్నవాడు బాధితుడవుతాడు, బాకీ రావలసినవాడు ముద్దాయి అవుతాడు. కాలనీ పెద్దమనుషులు, స్థానిక నాయకుల చేత చెప్పించడం కూడా ఒక్కోసారి ఇదే దారిలోకి తీసుకుపోతుంది.

సరైన దారి కొంచెం నిదానం. బాకీ వివరంతో ఒక ఉత్తరం, ఆ తర్వాత న్యాయవాది ద్వారా అద్దెను ముగిస్తూ 15 రోజుల నోటీసు పంపాలి. అందినట్టు రుజువు వచ్చే పోస్టులోనే పంపాలి, తీసుకోకుండా తిప్పి పంపినా ఆ కవరును విప్పకుండా దాచాలి. నోటీసు గడువు అయ్యాక అద్దె తీసుకుంటే, నోటీసును వదులుకున్నట్టేనని అవతలివారు వాదించవచ్చు కాబట్టి, తీసుకునే ప్రతి రూపాయి హక్కులకు భంగం లేకుండా, వాడుకున్నందుకు పరిహారంగా తీసుకుంటున్నానని రాసి తీసుకోండి.

ఏ కోర్టు అన్నది అద్దెను బట్టి ఉంటుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, 2005 సవరణ తర్వాత, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. ఇవాళ హైదరాబాదులో ఒక్క గదికి కూడా ఆ అద్దె దాటిపోయింది గనుక, ఆ చట్టం కింద కేసులు వినే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లేవి ఎక్కువగా పాత ఇళ్లు, పాత షాపులవే. మిగతావి సివిల్ కోర్టుకు పోతాయి. ఆంధ్రప్రదేశ్ అద్దెల విషయంలో తన ప్రత్యేక చట్టం చేసుకుంది కాబట్టి అక్కడి యజమానులు ఈ పేరాను తమకు అన్వయించుకోకూడదు. సివిల్ దావాకు కోర్టు ఫీజు ఇంటి ధర మీద కాదు, ఏడాది అద్దె మీద లెక్కిస్తారు, కనుక ఫీజుకు భయపడి ఆగనక్కరలేదు. దావా నడుస్తున్నంత కాలం అద్దెదారు వివాదం లేని బాకీని, నెలనెలా అద్దెను కోర్టులో జమచేయాలని, చేయకపోతే అతని వాదనను తోసిపుచ్చవచ్చని మన దగ్గర అమలయ్యే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 15-ఎ ఉంది. మీ న్యాయవాది ఆ దరఖాస్తు వేశారో లేదో అడగండి, చాలామంది వేయరు. అద్దె బాకీ కోసం దావాకు మూడేళ్ల గడువు ఉంటుందన్నదీ మరవకండి.

దీనికంటే ముందు ఒక మెట్టు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావా వేయకముందే, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టవచ్చు, ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకొని సంతకం చేస్తే ఆ రాజీ మీద ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రెండు నెలల బాకీ మాఫీ చేసి ఫలానా తేదీకి ఖాళీ అని రాయించుకోవడం నష్టంగా కనిపిస్తుంది. మూడేళ్ల వాయిదాలు, లాయరు ఫీజు పక్కన పెట్టి చూస్తే అలా కనిపించదు.

ఖాళీ చేసే రోజు

అడ్వాన్సు దగ్గరే ఎక్కువ మనస్పర్థలు. సున్నాలు వేయించాలని ఒక నెల అద్దె పట్టుకోవడం మన నగరంలో ఆనవాయితీ అయిపోయింది. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 108వ సెక్షనే చెబుతుంది. ముందే రాసుకుని ఉంటే తప్ప, నాలుగేళ్లు ఉన్నవాళ్ల దగ్గర గోడ రంగు వెలిసిందని డబ్బు పట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు. పగిలిన సింకు, విరిగిన తలుపు గొళ్లెం వేరు, వాటికి బిల్లు చూపించి మినహాయించండి.

దిగిన రోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి ఇల్లు చూడాలి. చివరి మీటరు రీడింగు ప్రకారం బిల్లు కట్టించుకోవాలి, గ్యాస్ కనెక్షన్, ఓటరు కార్డు, బ్యాంకు ఉత్తరాల చిరునామా మార్చుకోమని చెప్పాలి. ఫలానా తేదీన, ఫలానా గంటకు ఇల్లు ఖాళీ చేసి ఇన్ని తాళంచెవులు అప్పగించాం, అడ్వాన్సులో ఇంత ముట్టింది, ఇక ఏ బాకీ లేదు అని రెండు ప్రతులు రాసుకుని ఇద్దరూ సంతకాలు చేశాక, మిగిలిన అడ్వాన్సును బ్యాంకు ద్వారానే ఆ రోజే పంపండి. తాళం మార్చవలసింది సరిగ్గా అప్పుడు, అంతకు ముందు కాదు.